కుర్రాడు బండి మరీ స్పీడుగా తోలుతున్నాడా? ఇలా చేసి చూడండి

ఇంజినీరింగ్‌లో చేరగానే మా మేనల్లుడికి 200 సీసీ బండి కొనిచ్చారు. "మెల్లగా వెళ్లు నాన్నా" అని వాళ్లమ్మ రోజూ గేటు దగ్గర చెప్పేది. వాడు సందు చివరిదాకా మెల్లగానే వెళ్లేవాడు. ఇలాంటివాళ్లకు తిట్లు ఎక్కవు. వీళ్లకు బండిని ఉరికించడం వచ్చు, ఆపడం రాదు. ఎనిమిది అంకె వేసి చూపిస్తే లైసెన్స్ చేతికొచ్చే చోట గట్టిగా బ్రేకు వేయడం ఎవరు నేర్పుతారు?

ముందు కాగితాల సంగతి. గేర్ల బండికి 18 నిండాలి. మైనర్ బండి నడిపి కేసైతే, 2019 సవరణ ప్రకారం తల్లిదండ్రులకో బండి యజమానికో 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు పడొచ్చు. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్స్ ఇవ్వరు. కాబట్టి 18 నిండకపోతే తాళం బీరువాలో పెట్టి, నేరుగా కింద గో కార్టింగ్ (ట్రాక్ మీద చిన్న రేసు బండ్లు నడపడం) గురించి చెప్పిన చోటికి వచ్చేయండి.

లైసెన్స్ ఉంటే, ఆదివారం పొద్దున్నే అనుమతి అడిగి ఏదైనా ఖాళీ కాలేజీ ఆవరణకు తీసుకెళ్లండి. నేల పొడిగా ఉండాలి, ఇసుక, కంకర ఉండకూడదు. ఐఎస్ఐ మార్కు హెల్మెట్, చేతులకు గ్లౌజులు, కాళ్లకు బూట్లు తప్పనిసరి. టైర్లలో గాలి, బ్రేకులు చూసుకోండి.

నేల మీద సుద్దతో అడ్డగీత గీయండి. 30లో వచ్చి, గీత మీద బ్రేకు వేస్తే ఎక్కడ ఆగుతాడో ముందే చెప్పి, అక్కడ పక్కగా ఒక చెప్పు పెట్టమనండి. తర్వాత 40లో. మావాడు 40కి పెట్టిన చెప్పును దాటేసి చాలా దూరం వెళ్లి ఆగాడు. "మామయ్యా, ఇంకోసారి" అన్నాడు. మళ్లీ దాటాడు. నేనేమీ అనలేదు, టేపు పెట్టి కొలిచానంతే. స్పీడు రెట్టింపైతే బ్రేకు వేశాక బండి జారే దూరం సుమారు నాలుగింతలవుతుంది. పైగా 60లో వెళ్తున్నప్పుడు, చెయ్యి బ్రేకు మీదికి వెళ్లేలోపు ఒక్క సెకను పోయినా దాదాపు 17 మీటర్లు దాటిపోతాం.

చాలామంది ముందు బ్రేకంటే భయపడి వెనకదే తొక్కుతారు. బ్రేకు వేయగానే బరువంతా ముందు చక్రం మీదికి వస్తుంది, బండిని ఆపేది ఎక్కువగా అదే. బండి నిటారుగా ఉన్నప్పుడు లివర్‌ను గుంజేయకుండా, నిమ్మకాయ పిండినట్టు పట్టు పెంచుకుంటూ పోవాలి. 125 సీసీ దాటిన బండ్లకు 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్, అంటే గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు, తప్పనిసరి. అది పనిచేసేటప్పుడు లివర్ వేళ్ల కింద టకటక కొట్టుకుంటుంది. కంగారుపడి వదిలేయకూడదని ముందే చెప్పండి.

ఇంతా చేసినా స్పీడు మీద మోజు పోదు, పోవాలని కూడా నేననను. దానికో చోటు చూపించాలి. హైదరాబాద్ చుట్టుపక్కల గో కార్టింగ్ ట్రాకులున్నాయి. నాలుగు రౌండ్లు తిరిగాక టైమింగ్ చీటీ చూపించండి. మలుపులో ఎప్పుడు బ్రేకు వదలాలో తెలిసినవాడే ముందుంటాడని వాడికే అర్థమవుతుంది. నిజంగా ఆసక్తి ఉంటే శ్రీపెరంబుదూర్ దగ్గర ఇరుంగట్టుకోట్టైలో మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ ఉంది, కోయంబత్తూరులో కారి మోటార్ స్పీడ్‌వే ఉంది. అక్కడ జరిగే శిక్షణ తరగతుల తేదీలు కనుక్కోండి. ఒంటికి లెదర్ సూట్, నిండు హెల్మెట్ అడుగుతారు, అద్దెకు దొరుకుతాయేమో ముందే ఫోన్ చేయండి. ఒక మెలిక ఉంది: మామూలు బండి ఇన్సూరెన్స్ రేసులకు, స్పీడు పరీక్షలకు వర్తించదు. పడితే రిపేరు ఖర్చు మీదే.

ట్రాక్ దిగిన రోజు ఒంట్లో ఆ ఊపు ఇంకా తగ్గదు. ఇంటికి వచ్చేటప్పుడు తాళం మీ జేబులోనే ఉంచుకోండి.