ఫోనిక్స్ పట్టుబడట్లేదా? ప్రోగ్రాం మార్చే ముందు పొల్లు చూసుకోండి

"ఏ ఫోనిక్స్ ప్రోగ్రాం కొనమంటారండి?" అని అడిగేవాళ్లలో చాలామంది అప్పటికే ఒకటో రెండో కొని పక్కన పెట్టేసినవాళ్లే. రొయ్యల చెరువు గట్టు మీదే కాపురం ఉండి పిల్లాణ్ని రోజూ ఊళ్లోకి పంపలేనివాళ్లు, గల్ఫ్ నుంచి చదువు మధ్యలో తిరిగొచ్చినవాళ్లు, ఐదేళ్ల పిల్లను పొద్దున్నే బస్సెక్కించడం ఇష్టం లేనివాళ్లు, ఇలా ఇంట్లోనే చదివించుకుంటున్న రకరకాల వాళ్లు ఈ ప్రశ్నే అడుగుతారు. నేను ముందు అడిగేది ఒక్కటే. మొదటిది ఎక్కడ ఆగింది? అది తెలియకుండా కొత్తది కొంటే అదీ అక్కడే ఆగుతుంది.

పిల్లాడు కుదురుగా పది నిమిషాలు కూర్చుంటాడని, ఇరవై ఆరు ఇంగ్లిష్ అక్షరాలు గుర్తుపడతాడని, ఫోనిక్స్ అంటే అక్షరాల శబ్దాలు కలిపి పదం చదవడమని, అందులో కావలసింది అక్షరం పేరు కాదు, అది చేసే శబ్దమని మీకు తెలుసని అనుకునే రాస్తున్నాను.

అన్నిటికన్నా ముందు: పుస్తకం మూసేయండి

రెండు నిమిషాల పని, కానీ చేసేవాళ్లు కనపడరు. పుస్తకం, ఫోను, కార్డులు అన్నీ పక్కన పెట్టి పిల్లాణ్ని ఎదురుగా కూర్చోబెట్టుకోండి. "నేను ఒక మాటని ముక్కలుగా చెప్తాను, అదేంటో నువ్వు చెప్పు" అనండి. ముందు తెలుగులో: కొ... బ్బ... రి. ఇది దాదాపు అందరూ చెప్తారు. తర్వాత ఇంగ్లిష్ మాటల్ని శబ్దాలుగా విడదీసి చెప్పండి: స్స్స్... అ... న్. తర్వాత నెట్, మ్యాన్, ఫ్యాన్, లెగ్. అక్షరాలు చూపించొద్దు, చెవితో విని నోటితో చెప్పడమే.

నాలుగైదు మాటలు సరిగ్గా చెప్తే పిల్లాడి చెవి బాగానే పనిచేస్తోందన్నమాట. అప్పుడు ప్రోగ్రాంలోనో పుస్తకాల్లోనో లోపం వెతకొచ్చు. చెప్పలేకపోతే మాత్రం ఏ ప్రోగ్రాం కొన్నా డబ్బు దండగ. విన్న శబ్దాల్ని కలపడమే రాని పిల్లాడు చూసిన అక్షరాల్ని కలపలేడు. అక్కణ్ణుంచే మొదలుపెట్టాలి. అసలు కారణం కూడా చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.

అక్షరాల శబ్దాలన్నీ వచ్చు, పదం మాత్రం రాదు

ఎక్కువ నెలలు తినేసే సమస్య ఇదే. పైకి ఏమీ కనపడదు, అందుకే ప్రోగ్రాం మీదో పిల్లాడి మీదో తప్పు పడుతుంది.

పాలకొల్లు దగ్గర ఒక ఇంట్లో ఐదేళ్ల అబ్బాయి. కార్డు చూపిస్తే చాలు, శబ్దం టకటకా చెప్పేస్తాడు. బ్యాట్ అనే పదం ముందు పెట్టాం. "బ... యా... ట" అన్నాడు. "కలుపు నాన్నా" అంటే "బయాట" అన్నాడు. మళ్లీ అడిగితే మళ్లీ అదే. "అన్నీ వచ్చండి మావాడికి, కలపమంటేనే ఇలా అంటాడు, ఏం చేయమంటారండి" అని వాళ్లమ్మ టెన్షన్ పడుతోంది. నిజానికి ఆ అబ్బాయి తప్పు చేయలేదు. బ, యా, ట కలిపితే బయాటే వస్తుంది. అతనికి నేర్పిన శబ్దాలే తప్పు.

మన తెలుగు హల్లులో అకారం కలిసే ఉంటుంది. 'క' అన్నామంటే క్ తో పాటు అ కూడా పలికినట్టే. ఫోనిక్స్‌కి కావలసింది తలకట్టు తీసేసి పొల్లు పెట్టిన శబ్దం: క్, ట్, ప్, మ్. మనకు అలవాటైన నోటికి, ఇంగ్లిష్ అక్షరం శబ్దం చెప్పమనగానే క, ట, ప, మ వచ్చేస్తాయి. చాలా వీడియోల్లోనూ అంతే, పాట బాగా సాగడం కోసం ప్రతి శబ్దానికీ ఒక అచ్చు తగిలిస్తారు. పిల్లలు అదే నేర్చుకుంటారు. (బ్యాట్, క్యాట్ మధ్యలో వచ్చే అచ్చుకి తెలుగులో వేరే గుర్తు లేక ఇక్కడ 'యా' అని రాస్తున్నాను, య శబ్దం ఒత్తి పలకొద్దు.)

ఇది మూడక్షరాల పదాల్లో బయటపడకపోవడమే అసలు ప్రమాదం. తెలివైన పిల్లలు "క-యా-ట" అని పలికి కూడా, తెలిసిన మాటే కాబట్టి ఊహించి "క్యాట్" అనేస్తారు. అంతా బాగుందనుకుంటాం. తర్వాత స్టాప్, ల్యాంప్, ఫ్రాగ్ లాంటివి వస్తాయి. "స-ట-ఆ-ప" నుంచి ఏ పిల్లాడూ స్టాప్‌కి చేరుకోలేడు. అప్పుడే అందరూ "ఫస్ట్ లెవెల్ బాగానే వెళ్లింది, సెకండ్ లెవెల్ బాలేదు" అని కొత్త ప్రోగ్రాం వెతుకుతారు. తప్పు మొదటి వారంలో జరిగింది, బయటపడింది నాలుగో నెలలో.

దీనికే ఇంకో రూపం ఉంది. మన మాటలు ఎక్కువగా అచ్చుతోనే ముగుస్తాయి కాబట్టి ఇంగ్లిష్ మాటలకి కూడా చివర ఉకారం చేర్చుకుంటాం: పెన్ను, కప్పు, బస్సు, నెట్టు. ఇంట్లో మాట్లాడుకోవడానికి అందులో తప్పేమీ లేదు. చదువు దగ్గర మాత్రం తేడా చేస్తుంది. పెన్ రాయమంటే చివర యూ అక్షరం చేర్చి రాస్తున్నాడా? అయితే మీ ఇంట్లోనూ ఇదే కారణం.

మరి ఈ శబ్దాలు ఎవరి దగ్గర నేర్చుకుంటున్నాడు? ఇది తప్పకుండా తేల్చుకోండి. ఆ పాలకొల్లు ఇంట్లో తల్లి ప్రోగ్రాంలో ఉన్నట్టే శుద్ధంగా చెప్పేది. మధ్యాహ్నం ఆవిడ పనిలో ఉంటే నాయనమ్మ ప్రేమగా రివిజన్ చేయించేవారు: బ, క, డ, మ. పిల్లాడికి రోజుకు రెండు రకాల శబ్దాలు అందుతున్నాయి, రెండోదే తెలుగుకు దగ్గర కాబట్టి అదే నిలబడింది. అందుకే ఒక రోజు మొత్తం చదువు ఫోన్లో రికార్డు చేయండి. ఎవరెవరు చెప్పినా అన్నీ రికార్డు చేసి రాత్రి తీరిగ్గా వినండి. చెప్తున్నప్పుడు మన నోట్లో ఏం వస్తోందో మనకు తెలియదు, వింటే తెలిసిపోతుంది.

చెయ్యి పెట్టి కూడా చూసుకోవచ్చు. గొంతు మీద వేళ్లు ఆనించి ప్, ట్, క్ అనండి. గొంతు అదరకూడదు. అదిరిందంటే వెనక అచ్చు వచ్చినట్టే. బ్, డ్, గ్ లకు కొంచెం అదురుతుంది, అది తప్పదు, ఎంత చిన్నగా ఆపగలిగితే అంత మంచిది.

సరిచేయడం ఇలా. ఓ పది రోజులు కార్డులు, యాప్ ఆపేయండి. సాగదీయగల శబ్దాలతో మొదలుపెట్టండి: మ్మ్మ్, స్స్స్, న్న్న్, ఫ్ఫ్ఫ్, ల్ల్ల్. వీటిని ఊపిరి ఉన్నంతసేపు పలకొచ్చు కాబట్టి మధ్యలో అకారం దూరదు. సన్, మ్యాన్, ఫ్యాన్ లాంటి మాటల్ని ఒక శబ్దానికీ ఇంకో శబ్దానికీ మధ్య ఆగకుండా ఒకే ఊపిరిలో సాగదీసి చెప్పండి, తర్వాత మామూలు వేగంతో. ముక్కకీ ముక్కకీ మధ్య ఎంత ఆగితే కలపడం అంత కష్టం.

ప్, బ్, ట్, డ్, క్, గ్ సాగవు. వీటిని ఒంటరిగా పలికిస్తూ కూర్చోకుండా మన గుణింతం పద్ధతిలో పట్టుకోండి. హల్లునీ దాని వెనక అచ్చునీ ఒకే దెబ్బలో అనిపించండి: బ్యా. దానికి చివర పొల్లు చేర్చండి: బ్యా-ట్, బ్యా-గ్, బ్యా-డ్. అలాగే పె-న్, పె-ట్, పె-గ్. గుణింతాలు తెలిసిన పిల్లలకి ఇది వెంటనే పట్టుబడుతుంది. అందుకే తెలుగు కొంచెం ముందు మొదలుపెట్టిన ఇళ్లలో ఇంగ్లిష్ కూడా సులువుగా వస్తుందని నా నమ్మకం. పొల్లు అంటే ఏంటో తెలిసిన పిల్లాడికి శుద్ధమైన శబ్దం గురించి వేరే పాఠం అక్కర్లేదు.

ఇంట్లో పెద్దవాళ్లను చదువు నుంచి తప్పించకండి, వాళ్లు చేసే సాయం చాలా విలువైనది. ఒక కాగితం మీద పెద్దగా స్, ట్, ప్, న్, మ్, డ్ అని పొల్లులతో రాసి గోడకు అంటించండి. "అత్తయ్యగారూ, తలకట్టు లేకుండా చదవండి" అంటే చాలు, ఏ ట్రైనింగూ లేకుండా సరిగ్గా పలుకుతారు. ఆ కాగితం పెద్దవాళ్ల కోసమే. పిల్లాడి పుస్తకంలో ఇంగ్లిష్ పదం కింద తెలుగులో రాసిపెట్టే అలవాటు మాత్రం మానుకోండి. వాడు తెలుగు చదివి ఊరుకుంటాడు, ఇంగ్లిష్ అక్షరాల వైపు కూడా చూడడు.

ఇప్పుడు ప్రోగ్రాం సంగతి

డబ్బు కట్టే ముందు దాని ఆడియోలో ప్, ట్, క్, మ్ ఎలా పలుకుతున్నారో వినండి. ట అనో మ అనో వినిపిస్తే, బొమ్మలు ఎంత అందంగా ఉన్నా వదిలేయండి. నేను మొదట చూసేది ఇదే, సగం ఇక్కడే పోతాయి.

రెండోది వరుస. ఏ నుంచి జడ్ దాకా వరుసగా నేర్పే ప్రోగ్రాంలో పిల్లాడు చాలా వారాలు ఒక్క పదమూ చదవకుండా ఎదురుచూడాలి. ఉదాహరణకు జాలీ ఫోనిక్స్ అనే ప్రోగ్రాంలో మొత్తం 42 శబ్దాలు, మొదటి గుంపు ఎస్, ఏ, టీ, ఐ, పీ, ఎన్. ఆ ఆరింటితోనే పిన్, ట్యాప్, న్యాప్, టిన్ లాంటివి చదివేయొచ్చు. ప్రోగ్రాం పేరు ఏదైనా ఇలాంటి వరుస ఉండాలి. ఇంగ్లిష్‌లో 26 అక్షరాలే ఉన్నా శబ్దాలు దాదాపు 44, కాబట్టి ఎస్‌హెచ్, సీహెచ్, టీహెచ్ లాంటి జంటలు ఎప్పుడు నేర్పుతారో కూడా చూడండి.

మూడోది కథల పుస్తకాలు. అప్పటిదాకా నేర్పిన శబ్దాలతోనే చదవగలిగే కథలు ప్రోగ్రాంతో పాటు రావాలి. కార్డులూ పాటలే ఇచ్చి కథలు ఇవ్వనిది సగం ప్రోగ్రామే.

ఐ ఫర్ ఐస్‌క్రీమ్, ఏ ఫర్ ఏరోప్లేన్, ఎక్స్ ఫర్ జైలోఫోన్ అని ఉన్న చార్టు గోడ మీద ఉంటే తీసేయండి. మొదట నేర్పాల్సిన పొట్టి శబ్దాలు అందులో లేవు. బ్రిటిష్ ఉచ్చారణా అమెరికన్ ఉచ్చారణా అని మథనపడొద్దు, ఏదైనా ఒకటి పట్టుకుని మధ్యలో మార్చకుండా ఉంటే చాలు.

మొదటి అక్షరం చూసి ఊహించేస్తున్నాడు

బొమ్మ చూసి చెప్తున్నాడు, లేదా కథ బట్టీ వచ్చేసింది. బొమ్మ మీద చెయ్యి అడ్డం పెట్టండి. ఇంకా అనుమానముంటే అర్థం లేని మాటలు రాసి చదివించండి: మిప్, ఫెగ్, టబ్ లాంటిదే అయినా మాట కాని మబ్. ఇంగ్లండ్‌లో 2012 నుంచి ఒకటో తరగతి ఈడు పిల్లలకు పెడుతున్న ఫోనిక్స్ పరీక్షలో 40 పదాలుంటే అందులో 20 ఇలా కల్పించినవే. ఊహించడానికి వీలుండదు కాబట్టి నిజంగా చదవడం వచ్చో రాదో తేలిపోతుంది.

కట్, క్యాట్, కాట్ అన్నీ ఒకేలా చదువుతున్నాడు

అచ్చుల తేడా చెవికి ఇంకా అందలేదు. పెన్-ప్యాన్, కట్-క్యాట్ జంటలుగా చెప్పి, ఏది విన్నాడో వేలితో చూపించమనండి. చదివించడం తర్వాత. ఎగ్‌ని యెగ్ అనడం మన నోటి అలవాటు, దానికి కంగారు అక్కర్లేదు.

చదువుతాడు, అర్థం చెప్పడు

ఈ కథల్లో ఫిగ్, వెట్, ఫాగ్ లాంటివి వస్తుంటాయి. ఆ మాటే ఎప్పుడూ విననివాడికి చదివినా ఏం తెలుస్తుంది? ముందు మాట నోటితో చెప్పి, తర్వాత చదివించండి. మీ చుట్టూ ఉన్న మాటలతో మీరే వాక్యాలు రాయొచ్చు. నెట్, మడ్, హెన్, క్రాబ్, పాండ్, బండ్, పంప్ అన్నీ పొట్టి అచ్చులతో ఉన్నవే, చెరువు గట్టు మీద ఉన్న పిల్లాడు రోజూ చూసేవే. ప్రాన్ మాత్రం ఇప్పుడే వద్దు, అందులో ఏ, డబ్ల్యూ కలిసిన శబ్దం ఉంది, అది చాలా తర్వాత.

మిగతావి

బీ, డీ తారుమారు చేయడం ఏడేళ్ల లోపు మామూలే. ఆవలిస్తున్నాడంటే పాఠం ఎక్కువైంది, పదిహేను నిమిషాల దగ్గర ఆపేయండి. డిస్లెక్సియా (చదవడం కష్టమయ్యే ఇబ్బంది) అని అందరికీ భయం, కానీ పైవన్నీ సరిచేసి కొన్ని నెలలు శ్రద్ధగా నేర్పాక కూడా కదలిక లేకపోతేనే, ముఖ్యంగా ఇంట్లో ఇంకెవరికైనా చదవడంలో ఇలాంటి ఇబ్బంది ఉంటే, నిపుణులకు చూపించే ఆలోచన చేయండి. వర్షాకాలం వదలకుండా జలుబు చేసే పిల్లల్లో కొందరికి కర్ణభేరి వెనక నీరు చేరి కొన్నాళ్లు వినికిడి తగ్గుతుంది. టీవీ సౌండు పెంచమంటున్నా, వెనక నుంచి పిలిస్తే పలకకపోతున్నా ఈఎన్‌టీ డాక్టరుకి ఒకసారి చూపించి, ఆ తర్వాతే పాఠం మొదలుపెట్టండి.