అక్షరాల ప్యాటర్న్ తప్పుగా వస్తోందా? లూప్‌ను కొట్టేసే ముందు ఇది చూడండి

మొదటి వరుసలో ఏ, రెండో వరుసలో ఏ బీ, మూడో వరుసలో ఏ బీ సీ. సీ భాష నేర్చుకునేవాళ్లు తొలి వారాల్లోనే రాసే ప్రోగ్రామ్ ఇది. బయటి లూప్ వరుసలకు, లోపలి లూప్ ఆ వరుసలోని అక్షరాలకు అన్నంత వరకు మీకు తెలుసనుకునే రాస్తున్నాను.

అక్షరాలకు బదులు 65, 66, 67 పడుతున్నాయి

ఇవి ఏ, బీ, సీలకు కంప్యూటర్ వాడే సంఖ్యలు. ప్రింట్‌ఎఫ్‌లో అక్షరాన్ని సూచించే పర్సెంట్ సీ ఉండాల్సిన చోట సంఖ్యను సూచించే పర్సెంట్ డీ ఉంది. మార్చండి. జావాలో అయితే కారణం వేరు: క్యార్‌కు (అక్షరానికి) ఒక సంఖ్య కలిపితే వచ్చేది ఇంట్ (పూర్ణ సంఖ్య). దాన్ని తిరిగి క్యార్‌గా మార్చాకే ముద్రించాలి.

మొదట ఏ, తర్వాత బీ సీ, ఆ తర్వాత డీ ఈ ఎఫ్

అక్షరం ఉన్న వేరియబుల్‌ను ప్రతి వరుసకూ మళ్లీ ఏ దగ్గరికి తేవడం లేదు. ఆ లైను బయటి లూప్ లోపల, లోపలి లూప్‌కు పైన ఉండాలి. చాలామంది దాన్ని రెండు లూప్‌లకూ పైన ఒక్కసారి రాసి వదిలేస్తారు.

వరుసకు ఒకే అక్షరం వస్తోంది

కొత్త లైను వేసే ప్రింట్‌ఎఫ్ లోపలి లూప్ ఫ్లవర్ బ్రాకెట్లలోకి వెళ్లిపోయి ఉంటుంది. లేదంటే లోపలి ఫర్ చివర సెమికోలన్ పడి ఉంటుంది. రెండో దానికి ఒక గుర్తు ఉంది. లోపలి లూప్‌ను సున్నా నుంచి నడుపుతూ, ఆ లెక్కను ఏకు కలిపి ముద్రిస్తున్నారా? అప్పుడు మొదటి వరుసలో ఏ బదులు బీ, రెండో వరుసలో సీ వస్తాయి. లూప్ ఖాళీగా తిరిగి ముగిశాక మిగిలిన విలువతో ముద్రణ ఒక్కసారే జరుగుతుంది కాబట్టి అలా వస్తుంది.

అంతా ఖాళీ వరుసలే, లేదా వింత గుర్తులు

పైవన్నీ కోడ్ చూస్తే దొరికే తప్పులు. ఇది అలా దొరకదు. లూప్‌లు సరిగ్గా రాసినవాళ్లకు కూడా ఎదురవుతుంది కాబట్టే దీని మీద ఇంత చెప్పాల్సి వస్తోంది.

ఎన్ని వరుసలు కావాలో, మొదటి అక్షరం ఏదో వాడేవారినే అడగమన్నారు అనుకోండి. మీరు 5 కొట్టి ఎంటర్ నొక్కుతారు. అక్షరం అడిగే మాట తెర మీదికి వస్తుంది, కానీ ప్రోగ్రామ్ మీకోసం ఆగదు. ఖాళీ వరుసలు దొర్లించి ముగిసిపోతుంది. ఇన్‌పుట్ అంతా ముందే ఇచ్చేసే ఆన్‌లైన్ కంపైలర్లలో ఆగలేదన్న సంగతి కూడా తెలియదు. ఇక అందరూ లూప్ షరతుల మీద పడతారు. సున్నాను ఒకటి చేస్తారు, చిన్నది అనే గుర్తు పక్కన సమానం చేరుస్తారు. ల్యాబులో ఒక అమ్మాయి తప్పే లేని లూప్‌ను నా కళ్లముందే నాలుగుసార్లు కొట్టేసి రాసింది. మొదటిసారి నాకూ ఒక సాయంత్రమంతా దీనికే పోయింది.

తప్పు లూప్‌లో లేదు, ఇన్‌పుట్ చదివే స్కాన్‌ఎఫ్‌లో ఉంది. పర్సెంట్ డీ 5 తీసుకుని అక్కడితో ఆగుతుంది. మీరు నొక్కిన ఎంటర్ కూడా ఒక అక్షరమే. అక్షరాలకు సంఖ్యలిచ్చే ఆస్కీ పట్టికలో దాని సంఖ్య 10. అది బఫర్‌లో, అంటే కొట్టినవి చదివేదాకా నిలవ ఉండే చోట, అలాగే ఉండిపోతుంది. తర్వాత వచ్చే పర్సెంట్ సీ ఖాళీలను దాటదు, ఎదురుగా ఉన్నదాన్ని తీసుకుంటుంది. అంటే మీ మొదటి అక్షరం ఏ కాదు, ఎంటర్! లోపలి లూప్ తన పని తాను చక్కగా చేస్తూ 10 నుంచి 14 దాకా ముద్రిస్తుంది. 10 కొత్త వరుస, 11 నిలువు ట్యాబ్, 13 కర్సర్‌ను వరుస మొదటికి తెచ్చేది. చూడటానికి ఏముంటుంది? పాత టర్బో సీ కంపైలర్‌లో మాత్రం 11, 12 పురుష, స్త్రీ గుర్తులుగా, 14 సంగీతపు గుర్తుగా కనిపిస్తాయి. అవి కనిపిస్తే ఇక వెతకక్కర్లేదు.

అందుకే అక్షరం చదివిన వెంటనే, లూప్ మొదలవకముందే, దాన్ని పర్సెంట్ డీతో ఒకసారి ముద్రించి చూడండి. 65 వస్తే లూప్‌లను అనుమానించండి. 10 వస్తే లూప్‌లను ముట్టుకోవద్దు. ఒక్క లైను పని ఇది, అయినా ఎవరూ చేయరు.

పరిష్కారం ఒక ఖాళీ. అక్షరం చదివే స్కాన్‌ఎఫ్‌లో కోట్ గుర్తుకూ పర్సెంట్‌కూ మధ్య ఒక్క స్పేస్ ఇవ్వండి. ముందున్న ఖాళీలు, ఎంటర్లు ఎన్ని ఉన్నా అది దాటేస్తుంది. గెట్‌క్యార్ రాయమని కొందరు చెబుతారు. అది ఒక్క అక్షరాన్నే మింగుతుంది. 5 తర్వాత పొరపాటున స్పేస్ కొట్టి ఎంటర్ నొక్కితే సమస్య మళ్లీ మొదటికే. బఫర్‌ను ఖాళీ చేద్దామని ఎఫ్‌ఫ్లష్‌ను ఇన్‌పుట్ మీద వాడితే ఏం జరగాలో సీ ప్రమాణమే నిర్వచించలేదు, దాన్ని నమ్ముకోవద్దు. జావాలో నెక్స్ట్‌ఇంట్ తర్వాత నెక్స్ట్‌లైన్ వాడితే ఖాళీ స్ట్రింగ్ రావడానికీ మూలం ఇదే. అక్కడ నెక్స్ట్ వాడండి. సీ ప్లస్ ప్లస్‌లో మామూలు సీఇన్ ఖాళీలను తానే దాటుతుంది.

మిగిలినవి అరుదు. జెడ్ తర్వాత బ్రాకెట్ గుర్తు వస్తే వరుసకు 26 అక్షరాలు దాటాయని అర్థం, లోపలి లూప్ లెక్కను 26తో భాగించి, శేషాన్ని ఏకు కలపండి. ఐబీఎం మెయిన్‌ఫ్రేములు (పెద్ద కంప్యూటర్లు) ఆస్కీకి బదులు వాడే ఎబ్సిడిక్ పట్టికలో ఐ అక్షరం తర్వాతి సంఖ్య జే అక్షరానిది కాదు. మీ ల్యాబులో ఆ యంత్రం ఉండదు.