చలికాలం టైర్లు, 3వ పాఠం: టైరు పక్కన రాసున్నది చదవడం

పోయిన పాఠం చివర్లో ఒక పని అప్పజెప్పా గుర్తుందా, కారు దగ్గరికెళ్ళి టైరు పక్క గోడ మీద ఉన్న రాతలన్నీ ఫోన్లో ఫొటో తీసుకోమని. తియ్యనివాళ్ళు ఇప్పుడే వెళ్ళి తీస్కుని రండి, లేదంటే ఈ పాఠం ఒడ్డున కూర్చుని ఈత నేర్చుకున్నట్టే అవుతుంది.

ముందు సైజు. ఫొటోలో 205/55 ఆర్ 16 లాంటిది ఒకటి కనపడుతుంది. 205 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లలో, 55 అంటే పక్క గోడ ఎత్తు ఆ వెడల్పులో 55 శాతం, ఆర్ అంటే రేడియల్, ఇప్పటి కార్లకి దాదాపు అన్నిటికీ ఉండే రకం, 16 అంటే రిమ్ము వ్యాసం అంగుళాల్లో. ఇదంతా ఎందుకంటే చలికాలానికి కొంతమంది కావాలనే సన్న టైరు, చిన్న రిమ్ము వేస్తారు, సన్నగా ఉంటే మంచుని చీల్చుకుని కిందకి దిగుతుంది, పైగా చిన్న సైజు టైరు ఖరీదు కూడా తక్కువే. ఉదాహరణకి 225/45 ఆర్ 17 టైరు మొత్తం ఎత్తు లెక్క కడితే 634 మిల్లీమీటర్లు, 205/55 ఆర్ 16 ది 632, అంటే దాదాపు ఒకటే కాబట్టి స్పీడోమీటర్ తేడా చూపించదు. కానీ చిన్న రిమ్ము మీ బ్రేకులకి తగలకుండా పడుతుందా లేదా అనేది మీ కారు మాన్యువల్‌లోనే చూడాలి, ఎదురింటాయన కారుకి పట్టిందని మీది కూడా పడుతుందనుకోవద్దు.

సైజు పక్కనే 91 హెచ్ లాంటిది ఉంటుంది. 91 అంటే ఒక్కో టైరు 615 కిలోలు మొయ్యగలదని, ఇది మాన్యువల్ చెప్పిన దానికన్నా తగ్గకూడదు, ఇందులో బేరాల్లేవు. అక్షరం స్పీడుది, హెచ్ అంటే గంటకి 210 కిలోమీటర్లు, టీ అంటే 190, క్యూ అంటే 160. యూరప్‌లో చలికాలం టైర్లకి మాత్రం తక్కువ స్పీడు అక్షరం ఒప్పుకుంటారు, కాకపోతే ఆ పరిమితి డ్రైవర్ కళ్ళకి కనపడేలా స్టిక్కర్ అంటించాలి.

ఇప్పుడు అసలు సంగతి, గుర్తులు. నేను మొదటిసారి కొన్నప్పుడు టైరు మీద ఎం ప్లస్ ఎస్ అని చూసి, బురద, మంచు రెండూ కవర్ అయిపోయాయి ఇంకేం కావాలని నాలుగూ బిగించేసుకున్నా, మొదటి మంచుకే చిన్న ఎత్తు ఎక్కలేక చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరిగాయి. తర్వాత తెలిసిందేంటంటే ఎం ప్లస్ ఎస్ అనేది గాడుల ఆకారాన్ని బట్టి కంపెనీ తనకి తనే వేసుకునే ముద్ర, మంచు మీద ఏ పరీక్షా పాసవ్వక్కర్లేదు. మీరు వెతకాల్సింది మూడు శిఖరాల కొండ, దాని లోపల మంచు పువ్వు ఉన్న బొమ్మ. 1999లో అమెరికా, కెనడాల్లో మొదలైన గుర్తు ఇది, తొక్కుడుపడి గట్టిపడ్డ మంచు మీద ఒక రిఫరెన్స్ టైరు (పోల్చి చూడ్డానికి పెట్టుకున్న టైరు) కన్నా కనీసం 10 శాతం ఎక్కువ లాగితేనే ఇస్తారు.

అయితే ఇక్కడే మన భాషతో ఒక చిక్కుంది. మనం పొగమంచునీ మంచే అంటాం, కురిసేదాన్నీ మంచే అంటాం, రోడ్డు మీద అద్దంలా గడ్డకట్టిన దాన్నీ మంచే అంటాం, టైరుకి మాత్రం అవి వేరు వేరు లోకాలు. కొండ బొమ్మ పరీక్ష కురిసిన మంచు మీదే, గడ్డ ఐస్ మీద కాదు, మలుపులు కూడా అందులో లేవు. కాబట్టి రోజూ ఐస్ మీద నడిపేవాళ్ళు ఆ బొమ్మ చూసి ఆగిపోకూడదు, నార్డిక్ రకం అనే ఇంకా మెత్తటి రబ్బరు టైర్లు చూడాలి, వాటి గాడుల దిమ్మల మీద జుట్టంత సన్న కోతలు బోలెడుంటాయి. యూరప్‌లో అమ్మే టైర్ల లేబుల్ మీద 2021 నుంచి ఐస్ పట్టుకి వేరే గుర్తు పెట్టారు, అది ఉందేమో చూడండి. మేకుల టైర్లు (రబ్బరులో చిన్న లోహపు మేకులు దిగేసినవి) ఇంకో మెట్టు పైన, కానీ కొన్నిచోట్ల వాటిని వాడనివ్వరు, ముందు మీ దగ్గర రూలు కనుక్కోండి.

ఇక తేదీ. డాట్ అనే మూడు ఇంగ్లిష్ అక్షరాలతో మొదలయ్యే వరస చివర్లో 4 అంకెలుంటాయి, 3523 అని ఉంటే 2023లో 35వ వారం తయారైందని. చాలా టైర్లకి ఈ పూర్తి వరస ఒక వైపే ఉంటుంది, బయట కనపడకపోతే కారు కిందకి దూరాల్సిందే (బట్టలు పాడైతే నన్ననకండి). షాపులో మాత్రం బిగించకముందే చూసెయ్యండి, బిగించాక వాదించి లాభం లేదు.

గాడి లోతు గురించి ఒక్క మాట. చాలా దేశాల్లో చట్టం ప్రకారం 1.6 మిల్లీమీటర్లు చాలు గానీ మంచుకి అది ఏ మూలకీ చాలదు, ఆస్ట్రియాలో అయితే చలికాలం రేడియల్ టైరుకి కనీసం 4 అడుగుతారు. సెకండ్ హ్యాండ్ టైర్లు చవగ్గా వస్తున్నాయని ఎగబడేవాళ్ళు ఈ 4 గుర్తుపెట్టుకోండి.

ఇంకా, రెండే కొని ముందు చక్రాలకి వేస్తే సరిపోదా అని చాలామంది అడుగుతారు. సరిపోదు. ముందు పట్టు ఉండి వెనక లేకపోతే మలుపులో బ్రేకు తొక్కగానే కారు తోక బయటకి జారి బండి మొత్తం తిరిగిపోతుంది. కొంటే నాలుగు కొనండి, ఫోర్ వీల్ డ్రైవ్ కారున్నవాళ్ళకి కూడా ఇదే మాట, ఆ సిస్టమ్ బండిని కదిలిస్తుంది గానీ ఆపేది టైర్లే.

వచ్చే పాఠానికి పని: మీ ఫొటోలోంచి సైజు, బరువు నంబరు, స్పీడు అక్షరం, గుర్తులు, తయారైన వారం ఒక కాగితం మీద రాయండి, పక్కనే మాన్యువల్‌లో ఉన్నవి రాయండి. గోడ మీద తిరిగే దిక్కు చూపించే బాణం ఉందేమో కూడా చూడండి, 4వ పాఠం దానితోనే మొదలవుతుంది.