సైట్‌మ్యాప్ క్యాష్ ఫైళ్లను ఎప్పటికప్పుడు తాజాగా ఉంచడం ఎలా?

బెంగళూరు మారతహళ్లిలో ఇంటి పచ్చళ్లు పెట్టి, సొంత వెబ్‌సైటు ద్వారా అమ్ముకునే ఒక తెలుగు కుటుంబం ఉందనుకుందాం. ఏప్రిల్, మే నెలలు రాగానే ఆవకాయ, మాగాయ, పెసరావకాయ పేజీలు కొత్తగా చేరుతాయి. సరుకు అయిపోయిన ఉసిరి, పండుమిరప పచ్చళ్ల పేజీలు తొలగిపోతాయి. సైటు తెరిచి చూసేవారికి అంతా సవ్యంగానే కనిపిస్తుంది కానీ, సెర్చ్ ఇంజన్లకు అందే సైట్‌మ్యాప్‌లో, అంటే సైటులోని పేజీల చిరునామాల జాబితా ఫైలులో మాత్రం జనవరి నాటి జాబితాయే నిలిచి ఉంటుంది. ఆవకాయ పేజీ గూగుల్‌లో కనబడటానికి ఆలస్యమవుతుంది. తీసివేసిన పేజీల కోసం వచ్చిన గూగుల్‌బాట్ (పేజీలను చదివే గూగుల్ ప్రోగ్రాం) పేజీ లేదనే 404 జవాబు చూసి వెనుదిరుగుతుంది.

అడిగిన ప్రతిసారీ డేటాబేస్ మొత్తాన్ని చదివి సైట్‌మ్యాప్ తయారుచేయడం సర్వర్‌కు భారం కనుక, చాలా సాఫ్ట్‌వేర్లు దానిని ఒకసారి తయారుచేసి దాచిపెట్టి, ఆ తరువాత వచ్చినవారందరికీ ఆ ప్రతినే ఇస్తాయి. క్యాష్ అనే ఈ ఏర్పాటులో తప్పు లేదు. విసుగెత్తి క్యాష్‌ను పూర్తిగా ఆపివేయడం కంటే, పాత ప్రతి ఏ అంచెలో ఆగిపోయిందో కనుక్కుని అక్కడ సరిచేయడమే సరైన మార్గం.

పాత ప్రతి ఎక్కడుందో మొదట కనుక్కోండి

బ్రౌజర్‌లో చూసి నిర్ణయానికి రాకండి. బ్రౌజర్ తన దగ్గరున్న ప్రతినే చూపవచ్చు. టెర్మినల్‌లో వాడే కర్ల్ కమాండుతో సైట్‌మ్యాప్ చిరునామాకు వచ్చే హెడర్లను (జవాబుతో పాటు వచ్చే వివరాల పంక్తులను) తెప్పించి, లాస్ట్-మాడిఫైడ్ తేదీని, ఏజ్ విలువను చూడండి. ఏజ్ ఉన్నదంటే ఆ జవాబు మధ్యలో ఉన్న ఏదో క్యాష్ నుంచి వచ్చిందని, ఆ అంకె అది ఎన్ని సెకన్ల కిందటిదో చెబుతున్నదని అర్థం. తరువాత అదే చిరునామా చివర ప్రశ్నార్థకం పెట్టి ఏదో ఒక అంకె చేర్చి మళ్లీ అడగండి. ఈసారి కొత్త జాబితా వస్తే లోపం బయటి అంచెలో, అంటే తయారైన పేజీలను దాచి ఇచ్చే పేజీ క్యాష్‌లోనో, సైటు ప్రతులను వేర్వేరు చోట్ల ఉంచి అందించే సర్వర్ల వల అయిన సీడీఎన్‌లోనో ఉండే అవకాశమే ఎక్కువ. అప్పుడు కూడా పాతదే వస్తే సర్వర్ లోపల వెదకాలి.

సర్వర్ లోపల వెదకేటప్పుడు చాలామంది గమనించని సంగతి ఒకటున్నది. సైట్లు కట్టే సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్ 2020 ఆగస్టులో వచ్చిన 5.5 వెర్షన్ నుంచి సైట్‌మ్యాప్‌ను తానే తయారుచేస్తున్నది; అంతకు ముందు ఎవరో చేతితో తయారుచేసి సైటు రూట్ (అన్నిటికంటే పై) ఫోల్డర్‌లో పెట్టిన పాత ఫైలు, మీ ప్లగిన్ (వర్డ్‌ప్రెస్‌కు జతచేసే అదనపు సాఫ్ట్‌వేర్) వాడే పేరుతోనే ఇంకా అక్కడ ఉంటే, సాధారణ అమరికలో వెబ్ సర్వర్ ఆ ఫైలునే ఇచ్చి పంపిస్తుంది, ప్లగిన్ దాకా అభ్యర్థన చేరనే చేరదు. ఆ ఫైలును తీసివేస్తే సమస్య తీరుతుంది. అదే విధంగా ఎన్‌జిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్‌లో, ముందే కుదించిన ఫైలును పంపే జీజిప్ స్టాటిక్ అమరిక ఉన్నచోట, సైట్‌మ్యాప్ మారినా దాని పక్కనున్న జీజిప్ ప్రతి మారకపోతే, కుదించిన పాతదే బయటికి వెళుతూ ఉంటుంది.

మళ్లీ తయారుచేసే పని నడుస్తున్నదా?

వర్డ్‌ప్రెస్‌కు స్వంతంగా ఉన్న క్రాన్ (నిర్ణీత వేళకు పనులు నడిపే ఏర్పాటు), ఎవరైనా సైటును సందర్శించినప్పుడే కదులుతుంది. పేజీ క్యాష్ పెట్టిన సైటులో సందర్శకులు వచ్చినా పేజీలు క్యాష్ నుంచే వెళ్లిపోతాయి కనుక ఆ క్రాన్ గంటల తరబడి కదలకపోవచ్చు. దానిని ఆపి, సర్వర్‌లోని అసలు క్రాన్‌కు ఆ పని అప్పగించడం మేలు. వర్డ్‌ప్రెస్ లాంటిదే అయిన డ్రూపల్‌లో ఎక్స్ఎంఎల్ సైట్‌మ్యాప్ మాడ్యూల్ కూడా క్రాన్ నడిచినప్పుడే ఫైళ్లను తిరిగి రాస్తుంది. అందులో కనీస జీవితకాలం అనే అమరిక ఒక రోజుగా ఉంటే, క్రాన్ గంటకొకసారి నడిచినా ఫైలు రోజుకొకసారే మారుతుంది.

క్రాన్ నడుస్తూ కూడా ఫైలు మారకపోతే, ఆ ఫైలు యజమాని ఎవరో చూడండి. ఎవరైనా ఒకసారి, సర్వర్‌పై పూర్తి అధికారం ఉన్న రూట్ యూజర్‌గా కమాండు నడిపి ఉంటే ఫైలు రూట్ పేరున ఏర్పడుతుంది, ఆపైన వెబ్ సర్వర్ దానిని తిరగరాయలేదు; ఈ వైఫల్యం లాగ్‌లో ఒక్క పంక్తిగా తప్ప మరెక్కడా కనబడదు. యజమానిని మార్చి, ఇకపై ఆ కమాండును వెబ్ సర్వర్ యూజర్ పేరుతోనే నడపండి. క్రాన్ ఎక్కడ రాశారో, ఏ యూజర్ కింద నడుస్తుందో ఒక కాగితం మీద కూడా రాసి ఉంచుకోండి. బెంగళూరులో సైటు కట్టిపెట్టిన కుర్రాడు మరో కంపెనీకి మారిపోయేసరికి ఆ వివరం కూడా అతనితోనే వెళ్లిపోవడం మామూలే.

ప్రతి మార్పుకూ సైట్‌మ్యాప్ మొత్తాన్ని తిరిగి రాయడం అనవసరం. పేజీ చేరినప్పుడు, మారినప్పుడు, తొలగినప్పుడు "జాబితా పాతబడింది" అని ఒక గుర్తు మాత్రం పెట్టి, పావుగంటకో గంటకో వచ్చే క్రాన్ ఆ గుర్తు ఉంటేనే పని మొదలుపెట్టేలా ఏర్పాటు చేయండి. స్వంతంగా స్క్రిప్టు రాసుకునేవారు కొత్త జాబితాను ముందు తాత్కాలిక ఫైలులో రాసి, అది పూర్తయ్యాక అదే డిస్కులో అసలు పేరుకు మార్చాలి. అప్పుడు మధ్యలో వచ్చిన బాట్‌కు సగం ఫైలు అందదు. పేరు మార్చే ముందు చిరునామాల సంఖ్యను పాత ఫైలుతో పోల్చే చిన్న పరీక్ష కూడా చేర్చండి. డేటాబేస్ ఒక్క క్షణం అందకపోయి ఖాళీ జాబితా తయారైతే, దానిని క్యాష్‌లో నిలపడం కంటే నిన్నటి ఫైలును ఉంచడమే నయం.

ఒక్క ఫైలులో 50,000 చిరునామాలకు, కుదించకముందు 50 ఎంబీకి మించి ఉండకూడదు. పచ్చళ్ల దుకాణానికి ఈ పరిమితితో పని పడదు. పెద్ద సైట్లు మాత్రం ఫైళ్లను విభాగాల వారీగా విడదీసి వాటి జాబితాగా ఒక ఇండెక్స్ ఫైలు పెట్టుకుంటే, మారిన విభాగాన్నే తిరిగి రాయవచ్చు.

బయటి అంచెలు

లోపల ఫైలు సరిగా ఉన్నదని తేలాకనే బయటి క్యాష్‌ను పర్జ్ (ఖాళీ) చేయాలి. ఈ క్రమం తప్పితే ఖాళీ అయిన క్యాష్ మళ్లీ పాత ప్రతితోనే నిండుతుంది. పేజీ క్యాష్ ప్లగిన్‌లో సైట్‌మ్యాప్ చిరునామాలను మినహాయింపుల జాబితాలో చేర్చండి. క్లౌడ్‌ఫ్లేర్ అనే సీడీఎన్ మామూలు అమరికలో ఎక్స్ఎంఎల్ ఫైళ్లను క్యాష్ చేయదు కానీ, జీజెడ్ పొడిగింపు ఉన్నవాటిని చేస్తుంది. అందువల్ల కుదించిన సైట్‌మ్యాప్ ఇచ్చేవారు జాగ్రత్తపడాలి. అన్నింటినీ క్యాష్ చేయమని నియమం పెట్టుకున్నవారికి ఎక్స్ఎంఎల్ కూడా చిక్కుకుంటుంది. ఇండెక్స్‌ను, దాని కిందనున్న ఫైళ్లను ఒకేసారి పర్జ్ చేయాలి, లేకపోతే పాత ఇండెక్స్ ఇప్పుడు లేని ఫైళ్లకు దారి చూపుతుంది. క్యాష్-కంట్రోల్ హెడర్‌లో గరిష్ఠ వయసును 3600 సెకన్లుగా పెడితే చిన్న సైట్లకు సరిపోతుంది.

తేదీల విషయంలో నిజాయితీ

పేజీ ఎంత తరచుగా మారుతుందో చెప్పే చేంజ్‌ఫ్రీక్, దాని ప్రాధాన్యం చెప్పే ప్రయారిటీ విలువలను గూగుల్ పట్టించుకోదు. పేజీ చివరిగా మారిన లాస్ట్‌మాడ్ తేదీని మాత్రం, అది నిలకడగా నిజమని తేలితేనే వాడుకుంటుంది. ఫైలును తిరిగి రాసిన ప్రతిసారీ అన్ని పేజీలకూ ఈ రోజు తేదీ వేసే స్క్రిప్టులు చాలా ఉన్నాయి, నా దృష్టిలో అసలు తేదీ ఇవ్వకపోవడమే అంతకంటే మేలు. పేజీలోని విషయం మారిన తేదీనే డేటాబేస్ నుంచి తీసుకోండి. సర్వర్ యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక కాలంలో), మీరు భారత కాలమానంలో ఉండవచ్చు కనుక, భారత సమయం కూడా ఇస్తే చివర +05:30 అని స్పష్టంగా రాయండి.

తెలుగులో చిరునామాలు పెట్టుకున్నవారికి మరొక మాట. ఒక్కో తెలుగు కోడ్ గుర్తు యూటీఎఫ్-8 అనే అక్షర సంకేత పద్ధతిలో 3 బైట్లు, శాతం గుర్తులతో రాస్తే 9 అక్షరాలు అవుతుంది. గుణింతాలు, వత్తులు విడివిడిగా లెక్కకు వస్తాయి. చిరునామా 2,048 అక్షరాల లోపు ఉండాలన్న నియమం వల్ల పొడవైన శీర్షికలను యథాతథంగా వాడకండి.

సెర్చ్ ఇంజన్లకు తెలియజేయడం

సైట్‌మ్యాప్ మారిందని గూగుల్‌కు చెప్పే పింగ్ చిరునామాను పిలిచే పాత స్క్రిప్టులను తీసివేయవచ్చు. గూగుల్ ఆ సదుపాయాన్ని నిలిపివేస్తున్నట్టు 2023 జూన్‌లోనే ప్రకటించింది. బాట్లకు సూచనలిచ్చే రోబోట్స్ ఫైలులో సైట్‌మ్యాప్ పూర్తి చిరునామా ఉన్నదో లేదో చూసి, సైటు యజమానుల కోసం గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్‌లో ఒకసారి సమర్పిస్తే చాలు. బింగ్ కోసం మారిన పేజీలను వెంటనే తెలియజేసే, 2021లో వచ్చిన ఇండెక్స్‌నౌ పద్ధతిని జతచేసుకోవచ్చు. సెర్చ్ కన్సోల్‌లోని సైట్‌మ్యాప్స్ నివేదికలో చివరిగా చదివిన తేదీ, కనుగొన్న పేజీల సంఖ్య కనిపిస్తాయి. కొత్త సరుకు పెట్టిన వారం తరువాత కూడా ఆ సంఖ్య కదలకపోతే, మళ్లీ కర్ల్‌తో హెడర్లు చూడటం నుంచి మొదలుపెట్టండి.