సెట్లింగ్ పాండ్ పూడిక తీసినా వాగులోకి బురదే పోతోందా?

గోదావరి లోయ ఓపెన్‌కాస్టు బొగ్గు గనుల్లో వానాకాలం వచ్చిందంటే ఈ సమస్య మొదలవుతుంది. సెట్లింగ్ పాండ్ అంటే గని నీటిని నిలిపి, అందులోని మట్టిని అడుగుకు దిగనిచ్చే గుంట. గని బయటికి వదిలే నీటిలో తేలే మట్టి, అంటే టీఎస్‌ఎస్, లీటరుకు 100 మిల్లీగ్రాములు దాటకూడదు. 2000లో కేంద్రం బొగ్గు గనులకు పెట్టిన పరిమితి అది. రిపోర్టులో అంకె దాటగానే పూడిక తీయడానికి పాండ్‌కు బ్యాక్‌హో (తవ్వే యంత్రం) పంపుతారు, లేదంటే పటిక బస్తాలకు ఇండెంట్ పెడతారు. ఆ రెండింటికన్నా ముందు చేయాల్సింది మూడు సీసాల పరీక్ష. పైసా ఖర్చు లేదు, అయినా దాన్నే వదిలేస్తారు.

వాన పడుతుండగానే మూడు లీటరు సీసాలు పట్టండి: పాండ్‌లోకి నీరు దిగే చోట ఒకటి, పాండ్ మత్తడి (నిండిన నీరు పొర్లిపోయే చోటు) మీద ఒకటి, వాగులో కలిసే చోట ఒకటి. వాన వెలిశాక పడితే లాభం లేదు. సీసాల మీద చోటు, టైము రాసి మూడు గంటలు కదపకుండా ఉంచండి.

ఇక సీసాలు చెప్పేది మూడు రకాలు. మొదటి సీసా మూడు గంటల్లో తేరుకుంది, మత్తడి సీసా మాత్రం పట్టేటప్పుడే బురదగా ఉంది. మట్టి దిగే తీరిక పాండ్ ఇవ్వడం లేదు. 0.01 మిల్లీమీటరు రేణువు కదలని నీటిలో మీటరు దిగడానికే దాదాపు మూడు గంటలు పడుతుంది. గుర్తులు పెట్టిన వెదురు గడతో పది చోట్ల లోతు చూడండి. పైకి నిండుగా కనిపించే పాండ్ అడుగున పూడికే ఉండొచ్చు. గని అడుగున చేరిన నీటిని తోడే సంప్ పంపు డెలివరీ పైపు మత్తడి పక్కనే పడేసి ఉంటే అవతలి చివరికి మార్చండి.

మొదటి సీసా రాత్రంతా ఉంచినా తేరుకోలేదు. అది సన్న బంకమట్టి, పటిక కావాలి. లీటరు నీటిలో 10 గ్రాముల పటిక కరిగిస్తే, ఆ ద్రావణం 1 మిల్లీలీటరు లీటరు నమూనాకు 10 మిల్లీగ్రాముల మోతాదు. వేర్వేరు మోతాదులు సీసాల్లో తేల్చుకున్నాకే పాండ్‌లో కలపండి. పటికతో పీహెచ్ తగ్గుతుంది, అంటే నీరు ఆమ్లం వైపు పోతుంది; 5.5 కిందికి పోనివ్వకండి.

మత్తడి సీసా తేటగా ఉంది, వాగు సీసా బురదగా ఉంది. అందరినీ ముంచేది ఇదే. పాండ్ తప్పేమీ లేదు, బురద నీరు పాండ్‌కు రాకుండానే వాగుకు పోతోంది. ముందు అనుమానించాల్సింది డంపర్లు తిరిగే హాల్ రోడ్డు కింద, గని చుట్టూ వాన నీటిని మళ్లించే గార్లాండ్ డ్రెయిన్ దాటే హ్యూమ్ పైపును (సిమెంటు గొట్టాన్ని). చిన్న వానకు అది బాగానే పారుతుంది కాబట్టి తనిఖీలో ఏమీ కనిపించదు. పెద్ద వానకు నీరు ఎగువన నిలిచి, రోడ్డు మీద నుంచి పొర్లి, బొగ్గు పొడి, మొరం కడుక్కుంటూ దిగువకు జారుతుంది. రోడ్డు దిగువ అంచున గడ్డికి చిక్కిన నల్లటి చెత్త, బర్మ్‌లో (రోడ్డు అంచు మట్టి కట్టలో) కొత్తగా పడిన గండి, పైపు ముఖం గోడ మీద పైపు అంచుకన్నా ఎత్తులో బురద గీత కనిపిస్తే అనుమానం తీరినట్టే.

నీరు తగ్గాక ఒక చివర టార్చి పెట్టి రెండో చివర నుంచి చూడండి. వెలుగు నిండు గుండ్రంగా కనబడాలి. చంద్రవంకలా కనిపిస్తే అడుగున పూడిక ఉంది. సగం పూడిన పైపు సగం నీటిని కూడా తీసుకుపోదు. వెలుగు వంకరగా విరిగితే డంపర్ల బరువుకు పైపు కుంగింది, లేదా జాయింట్ విడిపోయింది. దాన్ని తవ్వి మార్చాల్సిందే, కడిగితే బాగుపడదు.

పూడికైతే డంపర్లను ఆపించి, దిగువ చివర నుంచి మొదలుపెట్టి ఎగువకు తీసుకుంటూ రండి. ఎగువ నుంచి నెడితే మధ్యలో గట్టిపడి బిరడాలా కూర్చుంటుంది. మనిషిని లోపలికి పంపకండి. మళ్లీ పూడకుండా ఉండాలంటే అసలు కారణం చూడాలి: గ్రేడర్ (రోడ్డు చదును చేసే యంత్రం) రోడ్డు గీసిన ప్రతిసారీ బురదను అంచుకు, అంటే పైపు నోట్లోకే తోస్తుంది. పైపు నోటికి రెండు వైపులా బర్మ్ పోసి, గ్రేడర్ ఆపరేటర్‌కు కనిపించేలా కొయ్య గుర్తులు పాతండి. నోటి ముందు బ్యాక్‌హో బకెట్ పట్టేలా మీటరు లోతు గుంత తవ్వి, పెద్ద వాన పడ్డ ప్రతిసారీ ఖాళీ చేయించండి. ఇదంతా మృగశిర కార్తె లోపే అయిపోవాలి.

ఇక గని నీరు ఆమ్లంగా మారుతుందన్న భయం: ఈ లోయ బొగ్గులో గంధకం తక్కువ, పీహెచ్ కాగితంతో ఒకసారి చూసి వదిలేయండి. నీటి మీద నూనె తెట్టు కనిపిస్తే అది వర్క్‌షాప్‌లో నూనెను ఆపే ఆయిల్ ట్రాప్ లోపం, పాండ్‌ది కాదు.

మరమ్మతు అయ్యాక వచ్చే మొదటి పెద్ద వానకు అవే మూడు చోట్ల మళ్లీ సీసాలు పట్టండి. మత్తడి సీసా, వాగు సీసా పక్కపక్కన పెడితే ఒకే రంగులో ఉండాలి.