మిలిటరీ పరేడ్‌కి కిల్ట్ కట్టుకుని వెళ్ళడం ఎలా?

ఎడిన్‌బరాలో మా పక్కింటి పెద్దాయన రిటైరైన సోల్జర్. ఒక ఏడాది రిమెంబ్రెన్స్ సండేకి (అంటే నవంబర్‌లో రెండో ఆదివారం, యుద్ధాల్లో పోయినవాళ్ళ కోసం చేసేది) నన్ను కూడా రమ్మన్నాడు, కిల్ట్ (స్కాట్లాండ్ మగాళ్ళు నడుంకి కట్టే కుచ్చిళ్ళ గళ్ళ గుడ్డ) వేసుకుని రా బావుంటుంది అన్నాడు, నేనూ ఊపులో సరే అనేశా. తర్వాత తెలిసొచ్చింది, ఫ్రెండ్ పెళ్ళికి కిల్ట్ వేసుకోవడం వేరు, మెడల్స్ పెట్టుకుని నిలబడ్డవాళ్ళ మధ్య వేసుకోవడం వేరు. పెళ్ళిలో ఎవడూ చూడడు. ఇక్కడ చుట్టూ ఉన్నవాళ్ళలో చాలామంది దాన్ని యూనిఫాంగా ఏళ్ళ తరబడి వేసుకున్నోళ్ళు, పట్టీ కాస్త వంకరగా ఉన్నా దూరం నుంచే కనిపెట్టేస్తారు.

దీనికి ఒక పాత కథ ఉంది. జాకబైట్ల (గద్దె పోయిన స్టూవర్ట్ రాజవంశాన్ని మళ్ళీ తేవాలన్నవాళ్ళ) తిరుగుబాటు అణిచేశాక 1746లో బ్రిటిష్ పార్లమెంట్ చట్టం చేసి హైలాండ్స్ (స్కాట్లాండ్ ఉత్తరాన కొండ ప్రాంతం) మగాళ్ళు కిల్ట్ కట్టకూడదంది, కానీ సైన్యంలో ఉన్నవాళ్ళకి మాత్రం మినహాయింపు ఇచ్చింది. 1782లో ఎత్తేసేదాకా అంతే. అన్నేళ్ళు కిల్ట్‌ని బతికించింది ఒకరకంగా రెజిమెంట్లే, అందుకే వాళ్ళకి దానిమీద అంత పట్టింపు. కాబట్టి మనం నీట్‌గా కనపడాలి, కానీ సోల్జర్‌లా కనపడకూడదు. కింద చెప్పేదంతా ఆ ఒక్క ముక్క చుట్టూనే తిరుగుద్ది.

ముందు ఇన్విటేషన్ చూడండి

లౌంజ్ సూట్ అని ఉంటే పగటి డ్రెస్: కిల్ట్, ఆర్గైల్ జాకెట్ లేదా ట్వీడ్ జాకెట్, మామూలు పొడుగు టై, తోలు స్పోరన్ (కిల్ట్ ముందు నడుం నుంచి వేలాడే చిన్న సంచి). బ్లాక్ టై అని ఉంటే రాత్రి డిన్నర్ అన్నమాట, అప్పుడు ప్రిన్స్ చార్లీ జాకెట్, బో టై, బొచ్చు స్పోరన్. హైర్ షాపుకెళ్తే ఎక్కువగా ప్రిన్స్ చార్లీయే చేతిలో పెడతారు, పెళ్ళిళ్ళకి అదే పోతుంది కదా. పొద్దున పదకొండింటి పరేడ్‌కి అది వేసుకెళ్తే హోటల్లో బాంకెట్ మేనేజర్‌లా ఉంటారు, ఆర్గైల్ కావాలని అడిగి తీసుకోండి.

ఏ గళ్ళు?

స్కాటిష్ కానివాళ్ళు వేసుకోవచ్చా అని చాలామంది అడుగుతారు, హాయిగా వేసుకోవచ్చు. ఏ వంశానికీ చెందని టార్టన్లు (గళ్ళ డిజైన్లు) ఉన్నాయి, ఐల్ ఆఫ్ స్కై లాంటివి, అవి తీసుకోండి. బ్లాక్ వాచ్ అనే ముదురు నీలం ఆకుపచ్చ గళ్ళు షాపుల్లో అందరికీ అమ్ముతారు, తప్పేం లేదు, కానీ 2006లో పాత రెజిమెంట్లన్నీ కలిపి పెట్టిన రాయల్ రెజిమెంట్ ఆఫ్ స్కాట్లాండ్ కిల్ట్ కూడా దాదాపు అవే గళ్ళు. వాళ్ళ పక్కనే నిలబడేటప్పుడు నేనైతే వేరేది వేసుకుంటా. బాల్మోరల్ టార్టన్ జోలికి అస్సలు పోకండి, అది రాజకుటుంబానిది.

కట్టడం

పంచె కట్టడం వచ్చినోళ్ళకి ఇది సగం వచ్చినట్టే. కుచ్చిళ్ళు వెనక్కి, సాదా భాగం ముందుకి. కుడిచేతిలో ఉన్న కొసని పొట్ట మీదుగా ఎడమ వైపుకి తెచ్చి, దాని పట్టీని ఎడమ నడుం దగ్గరున్న చీలికలోంచి బయటికి లాగి బకిల్ పెట్టాలి. తర్వాత ఎడమచేతిలోది దాని మీదుగా కుడి వైపుకి తెచ్చి అక్కడి బకిళ్ళకి పెట్టాలి. అంచున ఉండే దారాల కుచ్చు మీ కుడివైపు వచ్చిందంటే కరెక్ట్‌గా కట్టినట్టు.

జీన్స్‌లాగా తుంటి మీద పెట్టకండి, బొడ్డు దగ్గర ఉండాలి. కింద అంచు మోకాలిచిప్ప దాకా. మోకాళ్ళ మీద కూర్చుంటే అంచు నేలకి తగిలీ తగలనట్టు ఉంటే కొలత సరిపోయినట్టే. మంచి ఉన్ని కిల్ట్‌కి ఎనిమిది గజాల గుడ్డ పడుద్ది. వీడియో కాల్‌లో మా అమ్మ "ఏంట్రా ఆ గళ్ళ లంగా" అంది, ఎనిమిది గజాలమ్మా అంటే "నా చీరకన్నా ఎక్కువా!" అని నోరెళ్ళబెట్టింది. ఆ బరువు ఉండాలి కూడా, టూరిస్టులకి అమ్మే పల్చటి రకం కట్టుకుని నవంబర్ గాలిలో నిలబడితే మీ పని అయిపోయినట్టే. లోపల ఏం వేసుకోవాలి అనే జోకు ఎవడో ఒకడు వేస్తాడు. అద్దె కిల్ట్ అయితే అండర్‌వేర్ వేసుకోండి బాబూ, అంతే.

కిల్ట్ పిన్ కుడివైపు కింద మూలన, పై పొరకి మాత్రమే పెట్టాలి. ఇది నాకు ఎవరూ చెప్పలేదు, గాలికి ఎగరకుండా పెడతారేమో అనుకుని రెండు పొరలూ కలిపి గుచ్చేశా, కుర్చీలో కూర్చోగానే పర్‌మని చిరిగింది, డిపాజిట్‌లో సగం అక్కడే పోయింది. ఆ పిన్ను అందానికీ, కాస్త బరువుకీ తప్ప దేన్నీ కట్టి ఉంచడానికి కాదు.

స్పోరన్ బెల్టు బకిల్‌కి నాలుగు వేళ్ళ కింద ఉండాలి, మరీ జారితే నడిచేటప్పుడు తొడలకి కొట్టుకుంటుంది. మేజోళ్ళు మోకాలికి మూడు నాలుగు వేళ్ళ కిందే ఆగాలి, ఫ్లాషెస్ అనే రంగు పట్టీలు బయటి వైపుకి. గిల్లీ బ్రోగ్స్ అనే బూట్ల లేసులు చీలమండ దగ్గరే ముడెయ్యండి, పిక్కల దాకా చుట్టకండి.

ఏవి ఇంట్లో వదిలెయ్యాలి

రెజిమెంట్ బ్యాడ్జీ ఉన్న టోపీ, టోపీ మీది ఈకల కుచ్చు, సైన్యం వాడే గుర్రపు వెంట్రుకల పొడుగు స్పోరన్. సెకండ్ హ్యాండ్ షాపుల్లో దొరుకుతాయి, చూస్తే టెంప్టింగ్‌గానే ఉంటాయి, కానీ ఆ బ్యాడ్జీ ఒకరు సంపాదించుకున్నది. పైగా హక్కు లేకుండా సైనిక యూనిఫాం వేసుకోవడం మీద బ్రిటన్‌లో 1894 నుంచి చట్టమే ఉంది. మేజోడులో పెట్టుకునే చిన్న కత్తి, స్కీన్ డూ, జాతీయ దుస్తుల్లో భాగంగా చట్టం ఒప్పుకుంటుంది, అయినా బ్యారక్స్ గేటు దగ్గర సెక్యూరిటీ మాటే ఫైనల్, ముందే ఫోన్ చేసి కనుక్కోండి లేదా వదిలెయ్యండి.

మెడల్స్ మీవైతే ఎడమ ఛాతీ మీద. మీ తాతగారో నాన్నగారో ఆర్మీలో చేసి ఉంటే వాళ్ళవి మీరు కుడివైపు పెట్టుకోవచ్చు, అది మర్యాదే, ఎవరూ తప్పుపట్టరు. పోయినవాళ్ళ గుర్తుగా పెట్టుకునే ఎర్ర పాపీ పువ్వు ఎడమ కాలర్ మీద, స్కాట్లాండ్ పాపీకి నాలుగు రేకులుంటాయి, ఆకు ఉండదు.

అక్కడికెళ్ళాక

కూర్చునేటప్పుడు మా అమ్మమ్మ చీర సర్దుకున్నట్టు అరచేత్తో వెనక కుచ్చిళ్ళు కిందికి తుడిచి కూర్చోండి, మోకాళ్ళు దగ్గరగా, స్పోరన్ మధ్యలోకి. పదకొండింటికి రెండు నిమిషాల మౌనం, టోపీ ఉంటే మగాళ్ళు తీసి చేత్తో పట్టుకుంటారు. పక్కనున్న సోల్జర్ సెల్యూట్ కొట్టాడని మీరూ కొట్టకండి, కదలకుండా నిలబడితే చాలు. ఆ రెండు నిమిషాల్లో మోకాళ్ళు గడ్డకట్టేస్తాయి, పక్కన పెద్దాయన ఎనభై దాటినాయన అలాగే నిలబడి ఉన్నాడని నేను కూడా బిగపట్టా.

ఇంటికొచ్చాక కిల్ట్‌ని మడతపెట్టి బ్యాగులో కుక్కకండి, నడుం దగ్గర క్లిప్ హ్యాంగర్‌కి వేలాడదీసి ఆరనివ్వండి, హీటర్ మీద మాత్రం వెయ్యొద్దు. అద్దెదైతే వానలో తడిసిన సంగతి తిరిగిచ్చేటప్పుడు షాపులో చెప్పెయ్యండి.