ఐ20 ఎన్ లైన్, పోలో జీటీ లాంటి కార్లకి టైర్లు మార్చేటప్పుడు

కంపెనీ టైర్లు అరగగానే చాలామంది షాపులో అడిగే మొదటి ప్రశ్న: "అన్నా, దీనికి 205 పడతాయా?" అంటే 205 మి.మీ. వెడల్పున్న టైర్లు. పడతాయి. పడినంత మాత్రాన కారు బాగా నడుస్తుందని కాదు. 120 పీఎస్ దగ్గర ఉండే టర్బో హ్యాచ్‌బ్యాక్‌కి గ్రిప్ ఎక్కువగా రబ్బరు మిశ్రమం నుంచి, సరైన గాలి నుంచి, టైరు తాజాదనం నుంచి వస్తుంది. పది మిల్లీమీటర్ల వెడల్పు పెంచితే వచ్చేది కొంచెమే.

సైజు లెక్క ఒకసారి మీరే వేసి చూసుకోండి. ఐ20 ఎన్ లైన్‌కి కంపెనీ ఇచ్చేది 195/55 ఆర్16. అంటే వెడల్పు 195 మిల్లీమీటర్లు, సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) ఎత్తు అందులో 55 శాతం, అంటే సుమారు 107 మి.మీ. 16 అంగుళాల రిమ్ 406 మి.మీ. కింద పైన రెండు సైడ్‌వాల్స్ కలిపితే మొత్తం చక్రం ఎత్తు 621. అదే 205/55 ఆర్16 అయితే 632, అంటే 1.8 శాతం పెద్దది. పెద్ద చక్రాన్ని తిప్పాలి కాబట్టి కారు లాగడం కాస్త బరువెక్కుతుంది, స్టీరింగ్ కూడా. స్పీడోమీటర్ మునుపటికంటే తక్కువ చూపిస్తుంది. స్టీరింగ్ మొత్తం తిప్పి స్పీడ్ బ్రేకర్ దిగినప్పుడు లోపలి ప్లాస్టిక్ లైనర్‌కి రాసుకునే అవకాశం ఉంటుంది. 205/50 ఆర్16 అయితే ఎత్తు 611. కారు 5 మి.మీ. కిందికి దిగుతుంది, సైడ్‌వాల్ కూడా తగ్గుతుంది.

ఇక 17 అంగుళాల అలాయ్‌ల మోజు. 205/45 ఆర్17 వేస్తే మొత్తం ఎత్తు 616, దాదాపు ఒరిజినల్‌కి దగ్గరే. కానీ సైడ్‌వాల్ 92 మి.మీ.కి పడిపోతుంది. వానాకాలంలో నీళ్ళు నిండిన గుంతలో పడ్డ మొదటిసారే రిమ్ వంగడమో, సైడ్‌వాల్ లోపలి దారాలు తెగి పక్కన బుడ్డ రావడమో జరిగేది ఈ 15 మి.మీ. తేడా వల్లే. బుడ్డ వచ్చిన టైరుకి రిపేరు లేదు, పారేయాల్సిందే. పైగా మన దగ్గర దొరికే చవక అలాయ్‌లు ఒరిజినల్ కంటే బరువు. బరువైన చక్రంతో కారు చురుకుదనం పోతుంది.

పోలో జీటీ టీఎస్‌ఐ వాళ్ళకి ఇంకో తిరకాసు. పాత వాటికి 185/60 ఆర్15, తర్వాతి వాటికి 195/55 ఆర్16. మొదటిది 603 మి.మీ., రెండోది 621. ఒకే పేరున్న కారని స్నేహితుడి సైజు చూసి కొనకండి. మీ డోర్ పక్కన గానీ పెట్రోల్ మూత లోపల గానీ అంటించిన స్టిక్కర్ చూడండి. 15 అంగుళాల వాళ్ళు 195/60 వేస్తారు, అది 615, రెండు శాతం పెద్దది. తప్పనిసరైతే ఆ దాకా వెళ్ళొచ్చు, అంతకు మించి వద్దు.

వెడల్పు పెంచితే నేలకి ఆనే విస్తీర్ణం పెద్దగా పెరగదు. అది ముఖ్యంగా కారు బరువు, గాలి ఒత్తిడి మీద ఆధారపడుతుంది. మారేది ఆ ముద్ర ఆకారం: పొట్టిగా, వెడల్పుగా అవుతుంది. పొడి రోడ్డు మీద మలుపుల్లో కాస్త లాభం, నిలిచిన నీళ్ళ మీద నష్టం, ఎందుకంటే వెడల్పాటి టైరు ముందుగా నీటిపై తేలుతుంది. అందుకని మా సలహా సూటిగా చెప్తే, ఒరిజినల్ సైజే ఉంచి, మిగిలిన డబ్బు మంచి రబ్బరు మీద పెట్టండి.

పాత టైర్లు ఊడదీయక ముందే ఒక పని ఉంది. వాటిని చదవండి. రెండు అంచులూ అరిగి మధ్యలో గాడులు లోతుగా ఉంటే గాలి తక్కువగా నడిపారు. మధ్యలో మాత్రమే అరిగితే గాలి ఎక్కువ. లోపలి అంచు ఒక్కటే గుండైపోతే కాంబర్ (ముందు నుంచి చూస్తే చక్రం లోపలికో బయటికో వాలే కోణం) గానీ టో (పై నుంచి చూస్తే చక్రం ముందు భాగం లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) గానీ తేడా. అరచేత్తో ట్రెడ్ (నేలకి ఆనే గాడుల భాగం) మీద ఒకవైపు నుంచి రాస్తే నున్నగా, వెనక్కి రాస్తే రంపంలా గరుకుగా తగిలితే అది టో సమస్య. అక్కడక్కడా గుంటలు పడితే షాక్ అబ్సార్బర్ లేదా బుష్‌లు (సస్పెన్షన్ కీళ్ళ దగ్గరి రబ్బరు ముక్కలు) పోయినట్టు. ఇవి సరిచేయకుండా కొత్త టైర్లు వేస్తే అవి కూడా పదివేల కిలోమీటర్లకే అదే దారి పడతాయి.

చట్టం ప్రకారం గాడులు కనీసం 1.6 మి.మీ. ఉండాలి. గాడుల మధ్య అడ్డంగా ఉండే చిన్న రబ్బరు దిమ్మలే ఆ హద్దు. ట్రెడ్ వాటితో సమానమైతే పని అయిపోయినట్టే. కొత్త టైరు 7 నుంచి 8 మి.మీ. ఉంటుంది. వానలో బ్రేక్ పట్టే దూరం 3 మి.మీ. కిందికి వచ్చినప్పటి నుంచే బాగా పెరుగుతుంది కాబట్టి జూన్‌లో గాడి 3 దగ్గరుంటే ఆ వానాకాలానికి ముందే మార్చేయడం మంచిది. చిన్న ట్రెడ్ డెప్త్ గేజ్ ఒకటి కొనుక్కుంటే ఈ ఊహాగానాలన్నీ పోతాయి.

సైజు తర్వాత ఉండే అంకె, అక్షరం సంగతి. 87వి అంటే ఒక్కో టైరు 545 కిలోలు మోయగలదు, గంటకి 240 కిలోమీటర్ల వరకు పరీక్షకి నిలిచింది. హెచ్ అంటే 210, టి అంటే 190. మనం ఔటర్ రింగ్ రోడ్డు మీద కూడా అంత వేగం పోం కదా, ఎందుకు అంటారు. ఈ అక్షరం వేగంతో పాటు వేడిని తట్టుకునే శక్తిని కూడా చెప్తుంది. రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెల మధ్యాహ్నం కాలిపోయే రోడ్డు మీద నలుగురు ఎక్కి, డిక్కీ నిండా సామానుతో గంట సేపు నూరుకి పైన నడిపితే ఆ తేడా అక్కరకొస్తుంది. కంపెనీ ఇచ్చిన దానికంటే అంకె గానీ అక్షరం గానీ తక్కువది ఎప్పుడూ తీసుకోకండి. పైది పర్లేదు. ఎక్స్‌ఎల్ (ఎక్స్‌ట్రా లోడ్, అంటే ఎక్కువ బరువు మోసేది) అని రాసి ఉన్న టైరు వేస్తే దాని సైడ్‌వాల్ గట్టిగా ఉంటుంది, ప్రయాణం కొంచెం కుదుపుగా అనిపిస్తుంది.

తర్వాత తేదీ. ఇది చూడకుండా డబ్బులు కట్టొద్దు. సైడ్‌వాల్ మీద డాట్ అన్న అక్షరాల తర్వాత వచ్చే వరసలో చివరి నాలుగు అంకెలు చూడండి. 2325 అంటే 2025లో 23వ వారం, జూన్ మొదటి వారం. చాలా టైర్లకి ఈ తేదీ ఒక పక్కనే ఉంటుంది. పైకి కనిపించే వైపు లేకపోతే టైరుని తిప్పి చూడండి, షాపువాళ్ళు చెప్పిన మాట మీద వదిలేయొద్దు. ఆరు నెలల లోపుదైతే హాయిగా తీసుకోవచ్చు. ఏడాది దాటితే ధర తగ్గించమనండి, రెండేళ్ళు దాటితే వద్దనండి. నాలుగు టైర్లకీ విడివిడిగా చూడాలి, మూడు కొత్తవి ఒకటి పాతది కలిపి ఇవ్వడం మామూలే. 2020 జూన్‌లో విదేశీ టైర్ల దిగుమతిపై కేంద్రం ఆంక్షలు పెట్టింది, దాంతో దిగుమతి అయ్యే స్పోర్ట్ టైర్ల దగ్గర ఈ తేదీ తనిఖీ మరీ ముఖ్యం. ఎక్కువ కాలం గోడౌన్‌లో పడి ఉన్న రబ్బరు గట్టిపడుతుంది, ట్రెడ్ నిండుగా ఉన్నా వానలో పట్టు ఉండదు.

ఏది కొనాలి? 195/55 ఆర్16లో మన మార్కెట్లో దొరికేవి ఎక్కువగా టూరింగ్ తరహావే: మిషెలిన్ ప్రైమసీ 4 ఎస్‌టీ, కాంటినెంటల్ యూసీ6, యోకోహామా బ్లూఎర్త్ జీటీ, అపోలో ఆల్నాక్ 4జీ. నిజమైన స్పోర్ట్ టైర్లు ప్రధానంగా 17 అంగుళాల నుంచి మొదలవుతాయి. ప్రైమసీ నిశ్శబ్దం కోరుకునేవాళ్ళకి నచ్చుతుంది. సిమెంటు రోడ్ల మీద ఎక్కువ తిరిగేవాళ్ళకి ఆ తేడా చెవికి తెలుస్తుంది. ఆల్నాక్ ధరకి మంచి పని చేస్తుంది. ఇంధనం ఆదా అని గొప్పగా ముద్రించిన టైర్లు ఈ కార్లకి అంత నప్పవు. సులువుగా దొర్లడం కోసం చేసిన రబ్బరులో తడి పట్టు నిలబెట్టాలంటే ఖరీదైన మిశ్రమం వాడాలి, చవక రకాల్లో అది ఉండదు.

సైడ్‌వాల్ మీద ట్రెడ్‌వేర్ అని ఒక అంకె కనిపిస్తే అది ఉపయోగమే. 300 ఉన్నది మెత్తన, పట్టు ఎక్కువ, త్వరగా అరుగుతుంది. 500 ఉన్నది ఎక్కువ కాలం వస్తుంది, పట్టు కాస్త తక్కువ. అయితే ఒక్కో కంపెనీ తన పరీక్షతో తానే ఈ అంకె వేసుకుంటుంది కాబట్టి ఒకే బ్రాండులో రెండు మోడళ్ళని పోల్చడానికే వాడండి. దాని పక్కనే ఉండే ట్రాక్షన్ అక్షరం తడి రోడ్డు మీద సూటిగా బ్రేక్ వేసినప్పటి పట్టుని చెప్తుంది: ఏఏ మేలు, తర్వాత ఏ. బి ఉన్నదాన్ని ఇలాంటి కారుకి వేయొద్దు. బిల్లులో జీఎస్‌టీ కూడా చూడండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి టైర్ల మీద 28 శాతం 18కి తగ్గింది, అంతకు ముందు ముద్రించిన ఎమ్మార్పీ చూపించి డిస్కౌంట్ ఇస్తున్నామంటే లెక్క మళ్ళీ అడగండి.

ఇవి ఫ్రంట్ వీల్ డ్రైవ్ కార్లు, ముందు టైర్లే తొందరగా అరుగుతాయి. రెండే మార్చగలిగితే కొత్తవి వెనక వేసి, వెనకవి ముందుకి తేవాలి. చాలా షాపుల్లో దీనికి ఒప్పుకోరు, లాగేవి ముందువే కదా అంటారు. కానీ వానలో ముందు టైరు జారితే కారు నేరుగా పోతుంది, యాక్సిలరేటర్ వదిలితే తేరుకుంటుంది. వెనక జారితే గిర్రున తిరుగుతుంది, తేరుకునే టైం ఉండదు. ఒకే యాక్సిల్ మీద రెండు వేర్వేరు మోడళ్ళు ఉండకూడదు.

బిగించే రోజు దగ్గరుండి చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. అసమాన డిజైన్ ఉన్న టైరుకి బయటి వైపు అని రాసి ఉంటుంది, ఆ వైపే బయటికి రావాలి. బాణం గుర్తుంటే అది ముందుకి దొర్లే దిశలో ఉండాలి. పసుపు చుక్క టైరులో తేలికైన చోటు, అది వాల్వ్ దగ్గరికి రావాలి. రబ్బరు వాల్వ్‌లు నాలుగూ కొత్తవి వేయించండి, కొద్ది ఖర్చే. వాల్వ్ లోపల ప్రెజర్ సెన్సర్ ఉన్న కారైతే ఊడదీసేవాడికి ముందే చెప్పండి, బీడ్ (రిమ్‌కి పట్టుకుని ఉండే టైరు అంచు) కొట్టి విడదీసేటప్పుడు విరిగేది అదే. బ్యాలెన్సింగ్‌లో ఒక చక్రానికి 60 గ్రాములకి మించి సీసం అడుగుతుంటే అంటించనీయకండి. గాలి తీసి టైరుని రిమ్ మీద సగం చుట్టు తిప్పి మళ్ళీ చూడమనండి, చాలాసార్లు సగానికి తగ్గుతుంది.

అలైన్‌మెంట్ చేయించి, ముందూ తర్వాతా ఉన్న అంకెల ప్రింటు తీసుకోండి. ఐ20కి, పోలోకి వెనక టార్షన్ బీమ్ (రెండు చక్రాలనీ కలిపే ఒకే దూలం) కాబట్టి అక్కడ సర్దడానికేమీ లేదు. సాధారణంగా మారేది ముందు టో మాత్రమే. "కాంబర్ అవుట్ ఉంది సార్, కరెక్ట్ చేస్తాం" అని జాకీ లాంటి పనిముట్టుతో స్ట్రట్‌ని (చక్రాన్ని పట్టుకుని ఉండే సస్పెన్షన్ భాగాన్ని) వంచే షాపులున్నాయి. అది ఒప్పుకోవద్దు. కాంబర్ నిజంగా తేడా ఉంటే ఏదో భాగం వంగింది, దాన్ని మార్చాలి.

నట్లు గన్‌తో బిగించి వదిలేస్తే ఒకటి మరీ బిగుతుగా, ఒకటి వదులుగా ఉంటాయి, బ్రేక్ డిస్క్ వంకర పోవడానికి అదొక కారణం. చివరి బిగింపు టార్క్ రెంచ్‌తో జరగాలి: పోలోకి 120 న్యూటన్ మీటర్లు, ఐ20కి సుమారు 108 నుంచి 127. వంద కిలోమీటర్లు తిరిగాక మరోసారి చూడాలి.

గాలి చల్లటి టైర్లలోనే చూడాలి, అంటే కనీసం మూడు గంటలు ఆగి ఉన్న కారుకి. స్టిక్కర్ మీద ఉన్నదే పట్టించండి. నడిచాక మూడు నుంచి అయిదు పాయింట్లు (పీఎస్‌ఐ) పెరగడం సహజం, ఎక్కువైందని వేడి మీద తీసేస్తే తెల్లారేసరికి తక్కువ పడుతుంది. టైర్లు పేలడానికి ఎక్కువగా కారణం ఈ తక్కువ గాలే: సైడ్‌వాల్ ఎక్కువ వంగుతుంది, వేడెక్కుతుంది, లోపలి పొరలు విడిపోతాయి. నైట్రోజన్‌కి డబ్బులు కట్టడం మీ ఇష్టం, మామూలు గాలిలోనే అది 78 శాతం ఉంది. గేజ్ మాత్రం సొంతది ఉంచుకోండి, బంకుల్లో మీటర్లు రెండు మూడు పాయింట్లు తేడాగా చూపడం కొత్తేమీ కాదు.

మొదటి 200 నుంచి 300 కిలోమీటర్లు నెమ్మదిగా నడపండి. అచ్చు నుంచి టైరు ఊడిరావడానికి వాడే పూత ఉపరితలం మీద ఉంటుంది, అది అరిగేదాకా పట్టు తక్కువ, వానలో మరీ. ఆ తర్వాత ప్రతి 8 నుంచి 10 వేల కిలోమీటర్లకి ముందూ వెనకా మార్పించండి. బాణం గుర్తున్న టైర్లయితే అదే పక్కన ముందు వెనక మాత్రమే మారాలి, అడ్డంగా కాదు. స్టెప్నీ మీ చక్రాల సైజు కాకపోతే, సన్న రకం అయితే, దాని మీద గంటకి 80 దాటకూడదు. దాన్లో గాలి కూడా నెలకోసారి చూసుకోవాలి.